జోడు గోరీల నడుమ

1997

జూన్ 8, ఆదివారం

రాతికి మొక్కే ఎద్దును నువ్వెక్కడైనా చూశావా?

— బుధవారం సంతలో ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. గట్టిగా అడిగి ఆగాలి. ఎద్దు మొక్కదు. ముక్కుతాడు పట్టి దాన్ని రాతి దగ్గరికి లాక్కుపోయేది మనిషి. ఎద్దు తన ఆసామిని గుర్తుపడుతుంది, మనిషే తన దేవుణ్ణి గుర్తుపట్టడు అని ప్రవక్త ఏడ్చిన వాక్యం ఇక్కడ పెట్టాలి.

పుంగనూరు బయట సంత దారిలో రెండు తెల్లదొరల గోరీలు. కొత్తగా జత కట్టిన ఎద్దుల్ని వాటి మధ్య సందులోంచి ఒకదాని వెనక ఒకటి నడిపిస్తే, కాడి కింద కలిసి నడుస్తాయట. పొడుచుకోవట. హిందువులు నడిపిస్తారు, సాయిబులు నడిపిస్తారు. మన సంఘం వాళ్ళు కూడా, నేను లేనప్పుడు చూసి...

నా ఇంటిది సుగుణ మగ్గం అవతలి నుంచి అంటుంది: "సంతలో అరిసి గొంతు పోగొట్టుకోని వస్తావు. మల్ల మిరియాల కసాయం నేను కాయల్ల."

జూన్ 11

పుంగనూరు సంత. రెండు వానలు పడ్డాయి, చెనిక్కాయ విత్తే అదను, ఎద్దుల బేరాలు ముమ్మరం. గోరీల పక్కనే నిలబడ్డాను. ప్రశ్న అడిగాను. ఆగాను. ఒక ఎద్దు మాత్రం అరిచింది.

బాగా బోధించాను. ఆత్మ కదిలింది. బోధ సరిగ్గా విగ్రహాల మాట దగ్గరికి వచ్చేసరికి, బైరెడ్డిపల్లె రెడ్డెప్ప కొత్తగా కొన్న ఎర్ర ఎద్దును సందులోకి తోలాడు. పెద్ద ఎద్దు. పొట్ట దగ్గర ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు.

"బోధకప్పా, వాక్యం మల్ల సెబుదువు గానీ, రవ్వంత ఎనక నుంచి తొయ్యి."

నోరులేని జీవి. ఏం చేయను. గ్రంథాన్ని గోరీ మీద పెట్టి, నడుం వంచి తోశాను. ఎద్దు బయటపడింది. జనం ఈలలు.

ఖాదర్ సాబ్ బీడీ తీసి నవ్వాడు — ఎద్దుల దలారి, ముసలాయన, ఆయన మాట పడందే సంతలో బేరం తెగదు. "సూసినారా, బోధకప్ప గూడా మొక్కినాడు. అందరికంటే బాగా వొంగినాడు!"

కోపంతో బస్సెక్కాను. మదనపల్లె చేరేసరికి నవ్వొచ్చింది. గ్రంథం అట్ట మీద పేడ. సుగుణ తడిగుడ్డతో తుడిచింది.

జూన్ 12

గొంతు లేదు. కషాయం.

జూన్ 15, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘం కమిటీ సెక్రటరీ సాల్మన్ గారు నన్ను పక్కకు పిలిచారు. ఎప్పుడూ పిలవరు.

"బ్రదర్ యాకోబప్పా, మీ బోధ ఫలించింది."

విషయం ఇది. ఆ గోరీల్లో ఒకటి స్కాట్లాండు ప్రభువుల వంశం వాడిది. అంతటివాడు ఎద్దుల పేడ మధ్య పడి ఉండటం సంఘానికి తలవంపు. సంఘం జూబిలీ పండుగకు ముందే ఆయన ఎముకల్ని, రాయిని తీసుకొచ్చి మన సమాధుల తోటలో, గేటు దగ్గర, పెడతారు. అనుమతులు వచ్చేశాయి.

"మరి రెండో ఆయన?"

"ఆయనెవరో అమెరికా బందిపోటంట. ఆయన సంగతి మనకెందుకు? ఒక రాయి పోతే సందు పోతుంది, సందు పోతే ఎద్దులు పోతాయి. మీరు కోరిందే కదా?"

నేను కోరిందే.

పాస్టరు గారు ఊళ్ళో ఉండరట. గుంత తెరిచేటప్పుడు ప్రార్థన నేను చేయాలట. జూలై 9, సంత రోజు. వేరే రోజు ట్రాక్టరు దొరకలేదట.

వేదాంత కళాశాల గడప తొక్కనివాణ్ణి. మగ్గం గుంటలో కూర్చుని వాక్యం నేర్చుకున్నవాణ్ణి. సంఘం పేరుమీద ప్రార్థించమని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఇంటిదాకా నడిచే వచ్చాను. సైకిలు గుడి దగ్గరే మరిచిపోయాను.

జూన్ 18

గోరీల దగ్గరికి పోయాను. ఈసారి అరవడానికి కాదు. ప్రార్థనలో దొర పేరు సరిగ్గా పలకాలి కదా.

పెద్ద దొర, అంటే ఆ స్కాట్లాండు ఆయన, రాయి మీద దుప్పి తల, కింద ఇంగ్లీషు. కూడబలుక్కుని చదివాను. అలస్టర్. తర్వాత వంశం పేరు, కోట పేరు, ఏదో బిరుదు. రైతులు ఆయన్ని అలసందల దొర అంటారు, నోరు తిరగక.

రెండో రాయి మీద ఒకే మాట. టామ్. అంతే. రైతులకు ఆయన కుంటి దొర.

రెండూ ఒకే రాయి. ఒకే ఉలి. అక్షరాల తోక తిప్పిన తీరు కూడా ఒక్కటే. మధ్య సందులో నిలబడి రెండు చేతులూ చాపాను. ఇటు ఒకటి తగిలింది, అటు ఒకటి తగిలింది.

బందిపోటుకు అదే రాయి ఎందుకు?

ఇంకోటి. మన సమాధుల తోట ఆ దొరల కాలం నాటికే ఉంది. ప్రభువుల బిడ్డను అందులో పెట్టకుండా ఈ పోరంబోకులో ఎందుకు పెట్టారు? సెక్రటరీ గారిని అడిగితే, "కలరా వచ్చిందేమో బ్రదర్" అన్నారు.

కలరా వస్తే దుప్పి తల చెక్కుతారా...

ఖాదర్ సాబ్‌కు తెలిసి ఉంటుందని అందరూ అంటున్నారు. ఆయన ముత్తాత ఆ బంగళాలో గుర్రాల దగ్గర పనిచేశాడట. సంతలో లేడు. కంటి ఆపరేషనై కుప్పంలో కూతురింట ఉన్నాడు.

జూన్ 22, ఆదివారం

కాడి గురించి బోధించాను. వింతగా ఉంది — నా మాట నాకే సరిగ్గా వినపడలేదు.

జూన్ 26

కుప్పం. మరచిపోకముందే రాస్తున్నాను.

ఖాదర్ సాబ్ కూతురింటి వసారాలో మంచం. ఒక కంటికి పచ్చ గుడ్డ. అడుగు పెట్టగానే, "ఎవురు, ఎద్దును తోసిన బోధకప్పా?" టీ, రస్కులు. ఆయన కూతురు, "మా నాయన్ని నవ్వించొద్దప్పా, కుట్లు" అంది.

అడిగాను. ఆ గోరీలు ఊరి బయట ఎందుకున్నాయి?

నవ్వలేదు. రైలు కట్ట వైపు చేయి చూపించాడు. "ఆ టేసన్లోనే దిగినాడంట కుంటి దొర. ఒగ పొగరుబోతు గుర్రంతో."

కుంటి దొర అమెరికాలో ముఠా కట్టినవాడు. ఆవుల మందలు మళ్ళించాడు, బ్యాంకులు దోచాడు. తలకు వెల కట్టారు. తొడలో తూటాతో ఓడెక్కి, దేశాలు పట్టి తిరిగి, గుర్రాల ఓడలో మద్రాసు చేరాడు. పెద్ద దొరకు అప్పటికే పుంగనూరు దగ్గర బంగళా, గుర్రాలు, మన పొట్టి ఆవుల మంద. మద్రాసులో ఒక గుర్రాన్ని కొన్నాడు, అది ఎవరినీ దగ్గరికి రానివ్వదు. దాన్ని మచ్చిక చేసి వెళ్ళిపోయేందుకు కుంటి దొర వచ్చాడు.

"గుర్రం మచ్చికైంది. ఈయన మాత్రం పోలా."

"యాల?" అన్నాను. నా నోటికీ ఆ యాస వచ్చేసింది.

"యాలంటావేందప్పా. ఒగరికొగరు మచ్చికైరి."

రస్కు టీలో నానిపోయింది. చూస్తూ కూర్చున్నాను.

కుంటి దొరకు చదువు రాదు. పెద్ద దొరే సాయంత్రాలు వసారాలో పలక మీద దిద్దించేవాడు. కుంటి దొర ఆయనకు రాగిసంగటి చేత్తో తినడం నేర్పాడు, తాను పనివాళ్ళ దగ్గర నేర్చుకుని. వసారాలో రెండు మంచాలు. చేయి చాపితే అందేంత దూరం. రోజూ పొద్దున చాకిరీకి వచ్చినవాళ్ళు చూసేవారట, నిద్రలో ఒకరి చేయి ఒకరి మంచం మీద ఉండేదని.

"ఊళ్ళో ఏమీ అనలేదా సాయిబూ?"

"అనకుండా ఉంటారా! అనినారు. ఎగతాళి జేసినారు. మల్ల అలవాటైపాయ. మా ముత్తాత అనేవోడంట, ఆ ఇంట్లో ఒగ పొద్దన్నా అరుపు ఇనలేదని. నీ ఇంట్లో ఇనపడదా, బోధకప్పా?"

కూతురు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

తర్వాత కలెక్టరు దొర పోలీసులతో వచ్చాడు, బందిపోటును అప్పగించమని. పెద్ద దొర మెట్ల మీదికొచ్చి, ఇతను నా ఇంటి మనిషి, ఇతన్ని తీసుకుపోతే నాకూ బేడీలు వెయ్యి అన్నాడు. ప్రభువు కొడుక్కి బేడీలు ఎవరు వేస్తారు? వెళ్ళిపోయారు. ఇంకొన్నేళ్ళకు స్కాట్లాండులో అన్న చనిపోయాడు. కోట, బిరుదు అన్నీ ఈయనవే. పిలవడానికి మనుషులు వచ్చారు. వాడికి అక్కడ చోటుందా, అని ఈయన ఒక్కటే అడిగాడు. లేదన్నారు. అయితే నాకూ లేదు, అని మంద దగ్గరికి వెళ్ళిపోయాడు.

కుంటి దొర ముందు పోయాడు. జ్వరం. పాదిరి దొర ప్రార్థన చేయనన్నాడు. తోటలో చోటు ఇవ్వనన్నాడు. పెద్ద దొర బతిమాలలేదు. తన పెట్టెలోంచి గళ్ళ బట్ట తీశాడు. వాళ్ళ వంశానిది, ఆ రక్తం వాళ్ళు తప్ప ఇంకొకరు కట్టకూడనిది. దాన్నే చుట్టాడు. బండికి కట్టడానికి ఆ పొద్దు జత ఎద్దులు దొరకలేదు. ఒకదాని మొహం ఒకటి చూడని రెండింటిని కట్టారు. అవి గోరీ దాకా తలలు కలిపి నడిచాయట. ఊరంతా చూసింది. అప్పటి నుంచే ఎద్దుల్ని అక్కడికి తోలడం.

పెద్ద దొర పక్కనే తనకూ గుంత గీయించి పెట్టుకున్నాడు. తోటలో చోటిస్తాం, రమ్మని పాదిరి దొర తర్వాత తానే వచ్చి అడిగాడట. వద్దన్నాడు.

ఖాదర్ సాబ్ ఒంటి కంటితో నా వైపు తిరిగాడు. "దుప్పి దొరను తీసకపోతారంట గదా మీ వాళ్ళు?"

ఆ ప్రార్థన చేసేది నేనే అని చెప్పలేదు. ఆయనకు తెలుసు.

జూన్ 27

నేసింది మళ్ళీ విప్పాను. అంచు తప్పింది.

జూన్ 29, ఆదివారం

ఆ గళ్ళ బట్ట వదలడం లేదు నన్ను. నేతవాణ్ణి. ఎవరి బట్ట ఎవరికి కప్పుతారో నాకు తెలుసు. పెళ్ళిలో ఏ చీర, చావులో ఏ పంచె... తన వంశం బట్టను ఇంకొకడి ఒంటికి చుట్టడమంటే నోటితో ఇంక చెప్పేది ఏముంది.

మధ్యాహ్నం గ్రంథం తెరిచాను. రాజు కొడుకు తన పైవస్త్రం విప్పి గొర్రెల కాపరికి ఇచ్చిన అధ్యాయం. ఎన్నిసార్లు బోధించాను దీన్ని! స్నేహం, త్యాగం, అని. ఆ రాజు కొడుకు యుద్ధంలో పోయాక కాపరి ఏడ్చిన ఏడుపు కూడా చదివాను. ఆడవాళ్ళ ప్రేమ కంటే నీ ప్రేమ ఎక్కువ అన్నట్టు ఏడుస్తాడు. గట్టిగా చదవబోయి, మెల్లగా మళ్ళీ మొదటి నుంచి చదివాను.

జూలై 2

సుగుణకు అంతా చెప్పాను. ఆమె నూలు కండెలు చుడుతోంది, చేయి ఆపలేదు.

"మాయమ్మ పోయినప్పుడు మా నాయన పక్కనే పెట్టమని ఏడ్సినా. జాగా లేదని యాడో మూలకి ఏసిరి. ఇప్పటికీ పూలు పెట్టల్లంటే ఇద్దరి కాడికీ నడస్తా. తిట్టుకుంటా నడస్తా."

"వాళ్ళు మొగుడూ పెళ్ళాం. ఇది వేరు."

"యాడ వేరో సెప్పు. నీ పుస్తకంలో ఉంటాది, ఎతుకు. నేను పోయి కూడొండతా."

వెతికాను. తప్పు అని ఖండించే మాటలూ ఉన్నాయి, దాచను. వాటిని నేనే ఎన్ని సంతల్లో అరిచానో దేవునికి తెలుసు. కానీ ఒకడు తాను కోరుకున్న చోట పడుకుంటే, నూరేళ్ళ తర్వాత పోయి వాణ్ణి పక్కవాడి నుంచి లాగెయ్యమని చెప్పే వాక్యం మాత్రం ఎక్కడా లేదు. అన్నం చల్లారేదాకా వెతికాను.

"దొరికిందా?" అంది.

"లేదు."

"తిను మరి."

జూలై 6, ఆదివారం

కమిటీ. నన్ను కూర్చోమన్నారు, మంచి కుర్చీలోనే.

రెండూ తీసుకురండి, లేదా రెండూ వదిలేయండి — ఇంతే అన్నాను. మెల్లగానే. నా గొంతు ఇంత మెల్లగా ఉంటుందని వాళ్ళకు తెలియదు.

"దొంగను మన తోటలో పెట్టమంటారా, బ్రదర్?"

సిలువ మీద ప్రభువు పక్కన వేలాడినవాడు ఎవరు, అన్నాను. పరదైసులోకి మొదట అడుగుపెట్టినవాడు ఎవరు?

ఎవరో దగ్గారు.

సాల్మన్ గారు కళ్ళజోడు తీశారు. కోపం లేదు ఆయన మొహంలో. అలసట. "యాకోబప్పా. దొంగ అని కాదు. ఆ సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు. మా నాయన కాలం నుంచి తెలుసు. ఎందుకు మా నోటితో చెప్పిస్తారు? అది తెలిసే విడదీస్తున్నాం."

కలరా అన్న మనిషే.

అంటే ఎద్దులు కాదు. విగ్రహాలు కాదు. నా బోధ వాళ్ళకు ఒక గడ్డపార.

"తొమ్మిదో తారీకు మీరు రాకపోతే ఇంకొకరు ప్రార్థిస్తారు. కానీ ఆ తర్వాత మీకు ఈ సంఘంలో బోధించే అవకాశం... ఆలోచించుకోండి, బ్రదర్."

బయటికొచ్చి సైకిలు ఎక్కకుండా ఇంటిదాకా నడిపించుకుని వచ్చాను.

జూలై 7

మగ్గం. వాన.

జూలై 8

ప్రార్థించాను. జవాబు రాలేదు. చాలాసార్లు రాదు, ఎప్పుడూ జనంతో చెప్పను ఆ సంగతి.

ఇది పుణ్యం అని నేను చెప్పలేను. నాకు అంత వెలుగు లేదు. పాపం అనడానికి ఇప్పుడు నాలుక కదలడం లేదు. ఈ రెండింటి మధ్య నాకు స్పష్టంగా తెలిసింది ఒక్కటే — పెద్ద దొరకు కోటలో చోటిచ్చారు, తోటలో చోటిచ్చారు, రెండింటినీ కాదని ఆయన ఇక్కడ పడుకున్నాడు. రేపు ఆయన మాట అడిగేవాడు ఎవరూ ఉండరు. ఆయన బదులు మాట్లాడాల్సిన నోరు నాది. ఆ నోటితోనే తవ్వండి అనమంటున్నారు.

బోధ లేకపోతే నేనెవణ్ణి? నేతగాణ్ణి. చేతికి మగ్గం ఉంది. తిండికి లోటు లేదు. కానీ ఆదివారం పొద్దున లేచి ఏం చేస్తాను...

సాయంత్రం వీధి చివర కనపడ్డాడు రెడ్డెప్ప, టమాటాలు దించడానికి వచ్చి. ఎద్దులెట్లున్నాయి అన్నాను.

"బంగారట్ల ఉండాయప్పా. కాడి కిందికి వస్తే ఒగటే ప్రాణం. ఏం, మల్ల తిట్టేదానికి వస్తాండావా రేపు?"

చెప్పాను. రేపు ఏం జరగబోతోందో మొత్తం. బుట్ట దించి నిలబడిపోయాడు.

"అయ్యో... ఆ సామి నిద్ర చెడగొడతారా?" బుట్ట ఎత్తుకుంటూ, "నువ్వు ఎవురి పక్కప్పా?"

తానూ పొద్దున్నే సంతకు వస్తానని చెప్పి పోయాడు.

జూలై 9

పొద్దున. వాన వెలిసింది. సుగుణ సద్ది కట్టింది. "ప్రార్థన సేసేదానికా, ఆపేదానికా?" అంది. తెల్ల చొక్కా తొడుక్కున్నాను. రెండింటికీ అదే చొక్కా.

ట్రాక్టరు గుడి దగ్గర బయలుదేరుతోందని కబురు. గడ్డపారలు, తాళ్ళు ఎక్కించారట. మొదటి బస్సు పట్టుకుంటే నేను ముందు చేరతాను. ఒక్కణ్ణి. ఒక్కణ్ణి పక్కకు జరపడం సులువు.

సంతలో వాళ్ళు నా మాట వింటారా? నిన్నటిదాకా వాళ్ళ మీద అరిచినవాణ్ణి. నవ్వుతారేమో. ఖాదర్ సాబ్ కుప్పం నుంచి వచ్చాడో లేదో తెలియదు. రెడ్డెప్ప వస్తానన్నాడు, వస్తాడో లేదో.

బస్సు రాకముందే రాసుకుంటున్నాను, అక్కడ చెప్పాల్సింది:

అప్పలారా, అమ్మలారా, బేరాలు ఆపండి. నేను చెప్పింది నమ్మొద్దు, మీ తాతలు చెప్పింది గుర్తు తెచ్చుకోండి. ఒకడు బిరుదు వదిలి, దేశం వదిలి ఎక్కడ పడుకోవాలో తానే ఎంచుకున్నాడు. ఆయన్ని లేపడానికి మనుషులు దారిలో ఉన్నారు. ముక్కుతాళ్ళు చేతికి తీసుకోండి. జత కుదిరిందీ కుదరందీ చూడొద్దు, ఉన్నవాటిని తోలుకుని వచ్చి గోరీల చుట్టూ నిలబడండి. వచ్చే సంతకు కాదు. మధ్యాహ్నానికి కూడా కాదు. ట్రాక్టరు మలుపు తిరగకముందే రండి — ఈరోజే, ఇప్పుడే, లేవండి!